ఇవి పాలు కావమ్మా! పాలకొల్లు పిల్లాడి దగ్గర నేర్చుకున్న నమ్మకం



ఈ కార్తీక సోమవారం వీడియోలో పాలకొల్లు శ్రీ క్షీరారామలింగేశ్వర స్వామి వారి గుడి చూశారు కదా. తొమ్మిది అంతస్తుల గాలిగోపురం, తారకాసురుడి మెడలోని లింగం అయిదు ముక్కలై అయిదు చోట్ల పడిన కథ, అన్నీ అందులో చెప్పాం. ఒక్కటి మాత్రం చెప్పలేదు. టైమ్ లేక కాదు, కెమెరా ముందు చెప్పే ధైర్యం నాకు లేక. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మన వీడియోలకి స్క్రిప్టు రాసేది నేనేనని మీలో చాలామందికి తెలుసు. పగలంతా కోడు, రాత్రి స్క్రిప్టు. శివయ్యకి భక్తితో ఒక్క మారేడు దళం పెడితే చాలని మీకు చెప్పింది నేనే. ఆ మాట రాసేటప్పటికి మా ఇంట్లో దేవుడి గదిలోకి నేను అడుగుపెట్టి నెలలు దాటింది.

సంగతేంటంటే, మా నాన్నకి కిడ్నీలు పాడయ్యాయి. రాజమండ్రిలో వారానికి మూడుసార్లు డయాలసిస్. నేను వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగి హైదరాబాద్ నుంచి వచ్చేశాను. నాన్న లోపల మెషీన్ దగ్గర ఉంటే, నేను బయట కుర్చీలో ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని మీటింగులు నడిపేవాణ్ణి. అలాంటి ఒక మధ్యాహ్నం మొక్కుకున్నాను. నాన్న లేచి తిరిగితే, కార్తీక సోమవారం నాడు అమరావతిలో మొదలుపెట్టి భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట, పంచారామాలు అయిదూ ఒకే రోజులో చేస్తాను స్వామీ, నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని నేనే కారు నడుపుతాను అని.

మాఘ మాసంలో నాన్న వెళ్ళిపోయారు. మొక్కు తీర్చాల్సిన పని లేకుండా పోయింది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఇఫ్ కండిషన్ ఫెయిలైంది. ఎల్స్‌లో ఏం చెయ్యాలో నేను ముందు రాసుకోలేదు.

మొదటి ఏడాది గుడికి వెళ్ళకూడదంటారు కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. నాకూ అదే హాయిగా అనిపించింది. సంవత్సరీకం అయిపోయాక ఆ సాకు కూడా పోయింది. షూటింగ్ కోసం గుళ్ళకి వెళ్ళేవాణ్ణి. లైటింగ్ చూసుకునేవాణ్ణి, ఆడియో చూసుకునేవాణ్ణి. గర్భగుడి ముందు నిలబడి చెయ్యి జోడించేవాణ్ణి మాత్రం కాదు. దేవుడు లేడని అనుకున్నానా అంటే, అదీ కాదు. ఉన్నాడు, కానీ మేమిద్దరం మాట్లాడుకోవట్లేదు. అంతే.

ఈ కార్తీకంలో అమ్మ ఒక రోజు అంది, "పంచారామాలు వద్దులే నాన్నా, పాలకొల్లు ఒక్కటీ తీసుకెళ్ళు. నువ్వు లోపలికి రాకపోయినా పర్లేదు. కారు నడుపు చాలు." అంటే అమ్మకి అంతా తెలుసన్నమాట.

అమ్మ, అక్క, అక్క కూతురు, నేను. పాపకి అయిదేళ్ళు. తెల్లారకుండానే రాజమండ్రిలో బయల్దేరాం. జొన్నాడ దగ్గర గౌతమి దాటి, రావులపాలెం మీదుగా సిద్ధాంతం దగ్గర వశిష్ఠ దాటేసరికి తెల్లవారింది. మార్టేరు రోడ్డులో అటూ ఇటూ కోతకొచ్చిన చేలు. వెనక సీట్లో అమ్మ పాపకి కథ చెప్తోంది. పాలకొల్లుకి ఆ పేరు ఎందుకొచ్చిందో ఆ కథ.

అనగనగా ఉపమన్యువు అని ఒక పిల్లాడు. వాళ్ళ నాన్న వ్యాఘ్రపాద మహర్షి. అడవిలో ఆశ్రమం, ఇంట్లో ఆవు లేదు. ఒకసారి వేరే చోట ఆవుపాలు తాగాడు. ఆ రుచి నోట్లో ఉండిపోయింది. ఇంటికొచ్చి అమ్మని పాలు కావాలని అడిగాడు. ఆవిడ ఏం చేస్తుంది పాపం? పిండి నీళ్ళలో కలిపి, తెల్లగా ఉంది కదా, ఇవే పాలు తాగమని ఇచ్చింది. వాడు ఒక్క గుక్క తాగి, ఇవి పాలు కావమ్మా అన్నాడు. ఆ తల్లికి కన్నీళ్ళొచ్చాయి. మనలాంటి వాళ్ళకి పాలు ఎక్కణ్ణుంచి వస్తాయి నాయనా, కావాలంటే శివుణ్ణి అడుగు అంది. వాడు సరేనని అడగడానికే కూర్చున్నాడు. శివుడు కరిగి పాలసముద్రమే ఇచ్చాడు. ఆ పాలు పొంగిన కొలనే పాలకొలను, అదే మన పాలకొల్లు అని ఇక్కడి స్థలపురాణం. క్షీరారామంలో క్షీరం అంటే ఆ పాలే.

ఈ ఉపమన్యువు కథ మహాభారతంలో కూడా ఉంది. అనుశాసన పర్వంలో, పెద్దవాడై మహర్షి అయిన ఉపమన్యువు తన చిన్నప్పటి సంగతి తనే చెప్తాడు. వింటున్నది ఎవరనుకున్నారు? శ్రీకృష్ణుడు. జాంబవతికి కొడుకు కావాలని తపస్సు చెయ్యడానికి వచ్చిన కృష్ణుడు ఈయన దగ్గరే శివదీక్ష తీసుకున్నాడు. పాల కోసం ఏడ్చిన పిల్లాడు కృష్ణుడికి గురువు స్థానంలో కూర్చున్నాడు! (ఆదిపర్వంలో గురువు మాట మీద ఆవులు కాసి, జిల్లేడాకులు తిని కళ్ళు పోగొట్టుకుని నూతిలో పడిన ఉపమన్యువు వేరే ఆయన. పేరు ఒకటే కాబట్టి కలిపెయ్యకండి.)

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చిన్నపిల్లల్లా నమ్మండి అని పెద్దవాళ్ళు అంటూ ఉంటారు. మనలాంటి చదువుకున్న వాళ్ళకి ఆ మాట వినగానే ఒళ్ళు మండుతుంది. చిన్నపిల్లల్లా అంటే ఏంటి? ప్రశ్న వెయ్యకుండా, ఎవరేం చెప్తే దానికి తలూపడమా? నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ ఈ కథలో పిల్లాణ్ణి ఒకసారి సరిగ్గా చూడండి. తెల్లగా ఉంది కదా అని వాడు తాగేశాడా? లేదే. ఇచ్చింది కన్నతల్లి. అయినా సరే, ఇవి పాలు కావు అన్నాడు. శివుణ్ణి అడగమంటే ఏమన్నాడు? ఎవరమ్మా ఆయన, ఎక్కడుంటాడు, ఎలా ఉంటాడు, ఎలా కనిపిస్తాడు, ఏం చేస్తే సంతోషిస్తాడు? వరసగా ప్రశ్నలే. అన్నీ కనుక్కున్నాకే కూర్చున్నాడు.

కాబట్టి చిన్నపిల్లల నమ్మకం అంటే అమాయకంగా మోసపోవడం కాదండి. పిల్లలకి పాల రుచి తెలుసు. పిండినీళ్ళ రుచీ తెలుసు.

ఇది ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, నాన్న డయాలసిస్‌లో ఉన్న రోజుల్లో మాకు పిండినీళ్ళు పోసిన వాళ్ళు చాలామంది వచ్చారు. ఒకాయన పొడి తెచ్చాడు. నలభై రోజులు ఇది వేసి, దేవుడి మీద నమ్మకముంటే మెషీన్ ఆపెయ్యండి అన్నాడు. నాకున్న భయానికి నేను ఒక రాత్రి దాని గురించి ఆలోచించాను కూడా. అమ్మే ఒప్పుకోలేదు. "దేవుడి మీద నమ్మకముంది కాబట్టే డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్తన్నాను. ఈయన మీద నాకెందుకు నమ్మకం?" అంది. ఇంటర్ కూడా చదవని మా అమ్మకి ఉన్న తెలివి ఆ రాత్రి నాకు లేదు. మీ ఇంట్లో ఎవరైనా జబ్బుతో ఉంటే దయచేసి ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. మందు ఆపమనేది భక్తి కాదు. పదకొండు మందికి ఫార్వర్డ్ చెయ్యకపోతే కీడు జరుగుతుందనేదీ భక్తి కాదు. అవి పాలు కావు.

మళ్ళీ పాలకొల్లుకి వద్దాం. కార్తీక సోమవారం కదా, గుడంతా జనం. అరటిదొప్పల్లో దీపాలు, 365 వత్తుల కట్టలు, నేతి వాసన. నేను కారు దగ్గరే ఉందామనుకున్నాను. కానీ ఆ రద్దీలో పాపని ఎత్తుకోడానికి మనిషి కావాలి. అలా నేను లోపలికి వెళ్ళాను. భక్తితో కాదు, డ్యూటీ మీద.

లోపల పూజారి గారు గోత్రనామాలు అడిగారు. అమ్మ గోత్రం చెప్పి, ముప్పై ఏళ్ళ అలవాటు కదా, నోరు తిరిగి ముందు నాన్న పేరు చెప్పేసింది. చెప్పి ఆగిపోయింది. అక్క తల దించుకుంది. ఎవరికీ ఏం మాట్లాడాలో తెలీలేదు. అప్పుడు నా భుజం మీదున్న పాప, లింగం వైపు చూసి గట్టిగా అంది, "శివయ్యా, మా తాతయ్యని పంపించెయ్."

వెనక క్యూలో వాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగారు. పూజారి గారు ఏమీ అనలేదు. తప్పమ్మా, అలా అడక్కూడదు అని కూడా అనలేదు. హారతి ఇచ్చి, ఒక మారేడు దళం పాప చేతిలో పెట్టారు.

బయటికొచ్చాక మండపంలో కూర్చుని అడిగాను, "తాతయ్య ఇంక రారని నీకు తెలుసు కదమ్మా?"

"తెలుసు మావయ్యా."

"మరి ఎందుకడిగావు?"

అది నా వంక వింతగా చూసి, "నాకు కావాలి కదా" అంది. తర్వాత బెలూను కొనమంది.

ఆ మండపంలో చాలాసేపు కూర్చున్నాను. రెండేళ్ళుగా నేను దేవుడితో ఆ ఒక్క మాటా అనలేదు. నాన్న కావాలి అని. మొక్కుకున్నప్పుడు కూడా నేను మాట్లాడింది కాంట్రాక్టు భాషే. ఇది ఇస్తే అది చేస్తాను అని. పోయాక మౌనం. ఆ మౌనాన్ని మెచ్యూరిటీ అనుకున్నాను. అయిదేళ్ళ పాప ఏ షరతూ పెట్టలేదు. వస్తారో రారో లెక్క వెయ్యలేదు. కావాల్సింది కావాలని, ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్పింది.

మీకు ఇక్కడ ఒక సందేహం రావాలి. నాకూ వచ్చింది. ఉపమన్యువుకి పాలు దొరికాయి. మా రాజమండ్రి గోదావరి గట్టున వెలసిన ఉమామార్కండేయేశ్వర స్వామి గుడి తీసుకోండి. యముడు పాశం వేస్తే పదహారేళ్ళ మార్కండేయుడు లింగాన్ని కావలించుకున్నాడు, బతికాడు. అంతర్వేదిలో లక్ష్మీనరసింహ స్వామిని చూస్తే ప్రహ్లాదుడు గుర్తొస్తాడు. స్తంభం చూపిస్తే స్వామి వచ్చాడు. పురాణాల్లో పిల్లలందరూ గెలిచారు. మరి మేము? మాలాంటి వాళ్ళు ఎంతమంది? డయాలసిస్ సెంటర్ బయట కుర్చీల్లో కూర్చున్న వాళ్ళందరూ ఏదో ఒక దేవుడికి మొక్కిన వాళ్ళే కదా. వాళ్ళ భక్తిలో లోపముందా?

లేదండి. అలా ఎవరైనా చెప్తే వినకండి. నాన్నకి తగ్గకపోవడానికి కారణం నా భక్తి తక్కువై కాదు, ఆయన కిడ్నీలు పనిచెయ్యక. నాన్న ఎందుకు వెళ్ళిపోవాల్సి వచ్చిందో నాకు తెలీదు. తెలిసినట్టు మీకు చెప్పను. కానీ ఉపమన్యువు కథలో చివరి భాగం చాలామంది చెప్పరు. అది నాకు పట్టుకోడానికి ఒక కొస ఇచ్చింది.

వాడు తపస్సు చేస్తుంటే శివుడు నేరుగా రాలేదు. ఇంద్రుడి వేషంలో, ఐరావతం ఎక్కి వచ్చాడు. ఏం కావాలో కోరుకో, ఇస్తాను అన్నాడు. పాల కోసం బయల్దేరిన పిల్లాడు కదా, ఇంద్రుడు ఇస్తే మాత్రం పాలు పాలు కావా? తీసుకోవచ్చు. కానీ ఉపమన్యువు వద్దన్నాడు. శివుడి ఆజ్ఞ అయితే పురుగుగా పుట్టమన్నా పుడతాను, మీరిచ్చేది మూడు లోకాలైనా నాకక్కర్లేదు అన్నాడు.

చూశారా, మధ్యలో ఎక్కడో సంగతి మారిపోయింది. పాల కోసం వచ్చిన వాడు, పాలిచ్చే వాడి కోసం ఉండిపోయాడు.

ఇది పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ జరుగుతుంది. అమ్మ ఏదో వద్దంటుంది, లేదా ఒక దెబ్బ వేస్తుంది. పిల్లాడు గుక్కపెట్టి ఏడుస్తాడు. ఎవరి దగ్గర ఏడుస్తాడు? ఆ కొట్టిన అమ్మ కొంగే పట్టుకుని ఏడుస్తాడు. పక్కింటావిడ చాక్లెట్ ఇస్తానన్నా వెళ్ళడు. అమ్మ మీద కోపం అమ్మ ఒళ్ళోనే తీరాలి వాడికి. కోపం లేకపోవడం కాదు, ఆ కొంగు వదలకపోవడమే చిన్నపిల్లల నమ్మకం. అడిగింది వస్తుందన్న గ్యారంటీ దాంట్లో లేదు. రాకపోయినా ఏడవడానికి ఒక ఒడి ఉందన్న ధైర్యం ఉంది.

నేను చేసిన పొరపాటు అదే. నాకు కోపమొచ్చింది, కొంగు వదిలేసి వేరే గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

నా రూమ్మేట్ ఒకడు నరసాపురం కుర్రాడు, క్రిస్టియన్. నరసాపురం అంటే పాలకొల్లు పక్కనే. 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ అనే మిషనరీలు వచ్చి పని మొదలుపెట్టిన ఊరు. గోదావరి డెల్టా మిషన్ అంటారు. వాడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. వాడన్నాడు, "మా సువార్తలో కూడా ఉందిరా. మాలో ఎవరు గొప్ప అని శిష్యులు అడిగితే, యేసు ఒక చిన్నపిల్లాణ్ణి మధ్యలో నిలబెట్టి, వీడిలా మారమన్నాడు. కానీ పౌలు ఇంకో మాట కూడా రాశాడు. చెడు విషయంలో పసిపిల్లల్లా ఉండండి, ఆలోచన విషయంలో మాత్రం పెద్దవాళ్ళలా ఉండండి అని." దారులు వేరైనా, పిల్లాణ్ణి మధ్యలో నిలబెట్టడం ఇద్దరికీ ఉందన్నమాట.

మన బృహదారణ్యకోపనిషత్తులో ఇది ఇంకా సూటిగా ఉంటుంది. మూడో అధ్యాయంలో కహోలుడు అడిగితే యాజ్ఞవల్క్యుడు చెప్తాడు. పాండిత్యం పూర్తిగా సంపాదించి, ఆ తర్వాత బాల్యంతో నిలబడాలి అని. చదువు మానెయ్యమనలేదు, గమనించండి. చదువు అయ్యాకే బాల్యం. మరి ఆ బాల్యం అంటే ఏంటి, పిల్లల్లా ఇష్టమొచ్చినట్టు తిరగడమా అనే సందేహం పాతకాలం వాళ్ళకే వచ్చింది. బ్రహ్మసూత్రాల్లో, మూడో అధ్యాయం నాలుగో పాదంలో, దాని మీద చర్చ ఉంది. అక్కడ తేల్చింది ఏంటంటే, బాల్యమంటే తనను తాను ప్రదర్శించుకోకపోవడం. నా జ్ఞానం చూడండి, నా భక్తి చూడండి అని చూపించుకోకపోవడం.

ఇది చదివి నేను కాసేపు లాప్‌టాప్ మూసేశాను. మన పని మొత్తం చూపించడమే కదండీ! థంబ్‌నెయిల్‌లో దణ్ణం పెట్టే ఫోటో, స్టేటస్‌లో అభిషేకం. అది తప్పని నేననను. చూసి నలుగురు గుడికి వెళ్తే మంచిదే. కానీ ఎవరూ చూడనప్పుడు దేవుడితో అనడానికి నాకు ఒక్క మాట కూడా లేకపోతే, నేను మీకు పోస్తున్నవి ఏంటి? పాలా, పిండినీళ్ళా?

ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చాక, అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు, దేవుడి గదిలోకి వెళ్ళాను. స్తోత్రం చదవలేదు. ఫోన్ బయట పెట్టేశాను. "నాకు నాన్న కావాలి. నీ మీద చాలా కోపంగా ఉంది" అన్నాను. అంతే, ఇంకేమీ రాలేదు. ఏడుపొచ్చింది. ఆకాశవాణి ఏమీ వినిపించలేదు. నాన్న కుర్చీ ఖాళీగానే ఉంది. కానీ రెండేళ్ళ తర్వాత మళ్ళీ మాట్లాడుకున్నాం మేమిద్దరం. అమ్మ వచ్చి చూసి, ఏమీ అడక్కుండా దీపంలో నూనె పోసి వెళ్ళింది.

ఈ వారం మీకు పెద్ద పూజావిధానం ఏమీ చెప్పను. ఒక్కటే. రోజుకి అయిదు నిమిషాలు. ఫోన్ వేరే గదిలో పెట్టండి. దీపం ఉంటే సరే, లేకపోతే హాస్టల్ రూమ్‌లో మంచం మీదైనా పర్లేదు. మీరు ఇంట్లో అమ్మతో మాట్లాడే తెలుగులో, మీకు నిజంగా ఏం కావాలో ఆ ఒక్క మాట చెప్పండి. ఉద్యోగమా, చెప్పండి. ఎవరో వదిలేసి వెళ్ళారా, చెప్పండి. నమ్మకం కలగట్లేదా, ఆ మాటే చెప్పండి. బాగా కనిపించే ప్రార్థన వద్దు. ఇస్తే ఇది చేస్తానని బేరం వద్దు. చెప్పేసి, కాసేపు అక్కడే ఉండండి. దాన్ని ఎక్కడా పోస్ట్ చెయ్యకండి. మాకు కూడా చెప్పకండి.

మొక్కు సంగతి అంటారా? వచ్చే కార్తీకంలో ఒక సోమవారం అమ్మని తీసుకుని పంచారామాలు అయిదూ చేద్దామనుకుంటున్నాను. నాన్న బాగుపడితే చేస్తానన్న మొక్కు అది. ఇప్పుడు దానికి షరతు ఏమీ లేదు. పక్క సీట్లో పాప కూర్చుంటానంటోంది. దారిలో ప్రతి గుళ్ళోనూ తాతయ్యని అడుగుతుందట. అడగనీ అన్నాను.

హర హర మహాదేవ. మళ్ళీ సోమవారం కలుద్దామండి.